ముప్పై ఒక్క తిరుగు కవర్లు

కవితల పోటీకి గడువు ఆ రోజు సాయంత్రం ఐదింటితో ముగుస్తుంది. అందుకే పొద్దున్నుంచీ నాకు ఒళ్ళు మంట. ఏడాది పొడవునా నిద్రపోయిన కవులందరికీ ఆఖరి రోజే మెలకువ వస్తుంది. టపా మీద నమ్మకం లేనివాళ్ళు స్వయంగా మెట్లెక్కి వస్తారు. వచ్చినవాళ్ళు కవరిచ్చి ఊరుకుంటారా? కుర్చీ లాక్కుని, "ఒక్కసారి వినండి, రెండే నిమిషాలు" అంటారు. కవి రెండు నిమిషాలన్నాడంటే అరగంట అని ఇరవై ఆరేళ్ళ అనుభవం మీద చెబుతున్నాను.

మాది మాసపత్రిక. సైకిళ్ళ దుకాణం పైన రెండు గదులు. లోపలి గదిలో సంపాదకుడు కూర్చుంటాడు, ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. బయటి గది నాది. వచ్చిన కవర్లు కోయడం, ప్రతి కాగితం వెనకా 'అందింది' అని తేదీతో గుండ్రటి ముద్ర కొట్టడం, పనికొస్తాయనుకున్నవి నీలం ఫైల్లో పెట్టి లోపలికి పంపడం, మిగతావి వాళ్ళు జతచేసిన తిరుగు కవర్లలో పెట్టి వెనక్కి పంపడం నా పని. నన్ను టపాగారు అంటారు. అసలు పేరు మా ఆవిడకైనా గుర్తుండాలి, ఆవిడ కూడా 'ఏవండీ' అనే పిలుస్తుంది.

పత్రికకు నెలకు మూడు కవితలు చాలు. వచ్చేవి అరవై, డెబ్బై. మొదటి పదేళ్ళూ అన్నీ చదివాను, ఒట్టు. చదివిందే చదివి, తల ప్రాణం తోకకొచ్చింది. ఆ తర్వాత నాకంటూ ఒక పద్ధతి పడింది. కట్ట పైనుంచి కోసుకుంటూ వస్తాను. తెలిసిన పేర్లూ, టైపు చేసిన కాగితాలూ చూసి పది తీస్తాను. పది తేలగానే నీలం ఫైలు మూసేస్తాను. మిగిలినవి అదే రోజు తిరుగు ప్రయాణం. వాటి మీద ముద్ర పడుతుంది, చీటీ పడుతుంది, చూపు మాత్రం పడదు. ఆ చీటీ అచ్చువేసినదే: 'మీ రచన శ్రద్ధగా పరిశీలించాం. ప్రచురించలేకపోతున్నందుకు విచారిస్తున్నాం.' పెద్దాయనకు ఈ సంగతి తెలియదు. నీలం ఫైల్లోకి రాని కవిత ఆయన లెక్కలో లోకంలోనే లేదు.

రెండున్నరకు ఒకావిడ వచ్చింది. అరవైకి దగ్గర్లో ఉంటుంది. మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా గుమ్మం దగ్గరే నిలబడింది. చేతిలో గుడ్డ సంచి. కుడిచేతి బొటనవేలి గోరు చుట్టూ జిగురు ఎండి నల్లబడి ఉంది.

"పోటీకేనా? కవరు ఆ పెట్టెలో వెయ్యండమ్మా" అన్నాను తలెత్తకుండా.

"వేస్తాను సార్. దానికి ముందు ఒక మాట అడగాలి" అంటూ సంచిలోంచి ఒక కట్ట తీసి నా బల్ల మీద పెట్టింది. దారం విప్పింది. పైన చీటీలు, కింద కవితలు, ఆ కింద ఖాళీ కవర్లు. చీటీలన్నీ మావే. ప్రతిదాని అడుగునా ఎర్ర సిరాతో 'మళ్ళీ తప్పకుండా పంపండి' అని రాసి ఉంది.

"ఇది రాసినవారు ఎవరండీ?" అంది.

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, జేబులో ఉన్న ఎర్ర కలం మీదికి నా చెయ్యి పోయింది. ఆవిడ అది చూసి మొహమంతా నవ్వింది. "మీరేనా అన్నయ్యగారూ! తొమ్మిదేళ్ళ నుంచి మిమ్మల్ని ఒక్కసారి చూడాలనుకుంటున్నాను."

ఆ కవర్లు చూడగానే నాకు అంతా గుర్తొచ్చింది. మాకు వచ్చే తిరుగు కవర్లు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. ఒకటి చినిగి ఉంటుంది, ఒకటి కాగితం కన్నా చిన్నగా ఉంటుంది, ఇంకోదాని మూత నాలిక్కి తగలగానే ఊడొస్తుంది. వాటి మధ్యలో మూడు నాలుగు నెలలకొకటి ఈ కవరు వచ్చేది. మందపాటి గోధుమరంగు కాగితం, చేత్తో కోసి మడిచింది. అంచులు గీత గీసినట్టు ఉండేవి. మూత మడత ఎంత కచ్చితంగా కూర్చునేదంటే, జిగురు లేకపోయినా తెరుచుకునేది కాదు. రోజంతా చెత్త కవర్లతో వేగిన చేతికి అదొక్కటే సుఖం. ఇలాంటిది ఇంకోటి వస్తే బాగుండునని, ఎర్ర కలం తీసి ఆ ముక్క రాసేవాణ్ణి. లోపలి కవిత ఒక్కసారి కూడా చదవలేదు.

ఆవిడ కుర్చీలో కూర్చుంది. బైండింగు షాపులో పుస్తకాలు కుడుతుందట, ముప్పై నాలుగేళ్ళుగా. మా పత్రిక పాత సంచికల్ని లైబ్రరీవాళ్ళు ఏడాదికొక పుస్తకంగా కుట్టించడానికి ఆ షాపుకే ఇస్తారట.

"కుట్టేముందు కవితలన్నీ చదువుకుంటానండీ. అవి చూసే నేర్చుకున్నాను" అంది. "మా ఆయనకి ఇదంతా నవ్వులాట. పోస్టుమాన్ గుమ్మంలో కనబడితే చాలు, 'కవయిత్రిగారూ, మీ అమ్మాయి అత్తారింట్లో ఇమడలేదంట, మళ్ళీ తిరిగొచ్చింది' అని కేకేస్తాడు. ముందు నాకూ నవ్వొచ్చేది. ఇప్పుడు రావట్లేదు."

"మరి..."

"కళ్ళు కూడా సరిగ్గా ఆనడంలేదు అన్నయ్యగారూ. పగలంతా కుట్టి, ఇంటికొచ్చి మళ్ళీ కాగితం ముందేసుకోడానికి ఓపిక లేదు. ఈ పోటీ ఒక్కటీ చూసి మానేస్తానని ఆయనతో చెప్పే వచ్చాను. దింపుడు కళ్ళం ఆశ అనుకోండి." కట్ట నా వైపు జరిపింది. "మనిషికి ఒక్క కవితే పంపాలని వేశారుగా. ముప్పై ఒకటున్నాయి. అన్నీ చదివింది లోకంలో మీరొక్కరే. వీటిలో మీకు నచ్చిందేదో మీరే చెప్పండి. అదే వేస్తాను."

గడియారం వైపు చూశాను. పని ఉందని చెప్పి పంపెయ్యొచ్చు. కళ్ళు మూసుకుని ఒకటి లాగి 'ఇదమ్మా' అనెయ్యొచ్చు, ఆవిడ నమ్మేది కూడా. కానీ దాని మీదే ఆవిడ రాయడమో మానడమో ఆధారపడి ఉంది. ఆ పాపం కూడా మూటగట్టుకోవడం నా వల్ల కాలేదు.

"ఎప్పుడో చదివినవి కదమ్మా, మరోసారి చూడనివ్వండి" అన్నాను. అదీ అబద్ధమే.

కొత్తవి పైన ఉన్నాయి. అక్కడినుంచి మొదలుపెట్టాను. మొదటిదాంట్లో సముద్రం. రెండోదాంట్లో సముద్రమూ వెన్నెలా. మూడోదాంట్లో అక్షరం పక్షై ఎగిరింది, చీకటిని ఉదయం చీల్చింది. నాలుగో కాగితం దగ్గర ఆగాను. ఈ మాటలు నాకు తెలుసు. ఇవి మా పత్రికలో కవితలు వేసే మూడో పేజీ మాటలు. తెలిసిన పేర్లని, టైపు చేశారని, చూడకుండా నేను నీలం ఫైల్లోకి తోసిన కవితల్లోవి ఇవి. ఏడాది ఏడాదికీ అవే అచ్చయ్యాయి, అవే ఆవిడ చేతికి కుట్టడానికి వెళ్ళాయి.

"సముద్రం ఎప్పుడైనా చూశారా అమ్మా?" అన్నాను.

"లేదండీ. మీ పత్రికలో ఉంటుందిగా."

లోపల్నించి పెద్దాయన "ఇంకెన్నొచ్చాయోయ్?" అని అరిచాడు. "వస్తున్నాయండీ" అని అరిచాను. కింద సైకిళ్ళ దుకాణంలో ఎవరో చక్రాన్ని తిప్పి తిప్పి వదులుతున్నారు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష ఫలితం కోసం కూర్చున్నట్టు నా మొహమే చూస్తోంది. కాగితాలు తిప్పుతున్నాను. పాతవాటికి వెళ్ళేకొద్దీ సముద్రం తగ్గింది. పక్షులు తగ్గాయి. అన్నిటికన్నా అడుగున, మొట్టమొదట పంపిన కాగితం తీశాను. తొమ్మిదేళ్ళ కిందటి నా ముద్ర దాని వెనక ఉంది.

పదహారు పేజీలకొక ముడి వేస్తాను
ముడి పడ్డచోట కథ ఏమైందో తెలియదు
ఎవరికి పెళ్ళైందో, ఎవరు పోయారో
అట్ట వేసి పక్కన పెడతాను
ఎవరి పుస్తకమో పూర్తయింది
నా వేలికి చుట్టుకున్న దారం మాత్రం
ఎంత చుట్టినా ఇంకా ఉంది

రెండోసారి చదివాను. నిజంగా చదివి ఎన్నేళ్ళైందో, కళ్ళు చెమర్చాయి. కళ్ళజోడు తుడుచుకునే వంకతో తల వంచుకున్నాను.

"ఇది" అన్నాను, కాగితం ఆవిడ ముందు పెట్టి.

ఆవిడ సంబరపడుతుందనుకున్నాను. కాగితాన్ని తిప్పి, వెనక ముద్ర మీది తేదీ చూసింది. "ఇది మొదటిదండీ. రాయడం రాకముందు రాసింది" అంది. తర్వాత మెల్లగా, "అంటే ఈ తొమ్మిదేళ్ళలో నేను ఏమీ నేర్చుకోలేదన్నమాట" అంది.

"అది కాదమ్మా..."

"పోనీ, ఇది అంత బాగుంటే అప్పుడే ఎందుకు తిప్పి పంపేశారు?"

దానికి జవాబు ఒక్కటే ఉంది. ఎంత వెతికినా రెండోది దొరకలేదు.

"చదవలేదమ్మా" అన్నాను. "ఇదీ చదవలేదు, మిగతా ముప్పై కూడా చదవలేదు. ఇవాళే చదివాను. పెద్దాయన దాకా ఏదీ వెళ్ళలేదు. మీ కవరు బాగా చేస్తారు. అలాంటి కవరు ఇంకోటి రావాలని, మళ్ళీ పంపమని రాశాను."

తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. ఆవిడ చీటీల్లోంచి ఒకటి తీసి, ఎర్ర సిరాని వేలితో తడిమింది. "వీటిని మా బీరువా తలుపు లోపలివైపు అతికించుకుందామనుకున్నాను" అంది. "ఆయన ఊరుకోలేదు. ఊరుకోకపోవడమే మంచిదైంది."

ఒకటొకటిగా చీటీలు సర్ది, దారం చుట్టడం మొదలుపెట్టింది. వెళ్ళిపోతుందని అర్థమైంది. ఆ దారం చుట్టే చెయ్యి చూసి, కట్ట మీద నా చెయ్యి అడ్డం పెట్టాను.

"అమ్మా, నన్ను తిట్టండి, పెద్దాయనతో చెప్పండి. కానీ ఇది పోటీకి వెయ్యండి. వెనక పాత ముద్ర ఉంది, ఇలాగే వేస్తే కుదరదు. కొత్త కాగితం మీద ఎత్తి రాసుకోవాలి. ఇంకా నలభై నిమిషాలుంది."

"ఇది మాత్రం బాగుందని నమ్మడమెలా?" అంది. కోపం లేదు. నిజంగానే అడిగింది.

"నా మాట నమ్మకండి. ఆ దారం నమ్మండి" అన్నాను. "మీ వేలికి చుట్టుకున్నదే కదా."

దారం చుట్టడం ఆపింది. "రాయనా సార్, మాననా?" అంది చివరికి. అన్నయ్యగారు పోయి మళ్ళీ సార్ వచ్చింది. అది నాకు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

"సముద్రం మానెయ్యండి" అన్నాను.

కాగితం, కలం ఇచ్చాను. కిటికీ దగ్గరి బల్ల ఖాళీ చేసి, వెలుతురు పడేలా కుర్చీ జరిపాను. ఆవిడ కాగితాన్ని మొహానికి దగ్గరగా పట్టుకుని, ఒక్కో అక్షరం కుట్టు వేసినట్టు రాసింది. మధ్యలో ఇద్దరు కవులొచ్చారు. రెండు నిమిషాలే అన్నారు. నేను లేచి నిలబడి, పెట్టె చూపించి, నోరెత్తకుండా పంపేశాను. కవిత అయ్యాక ఆవిడ హామీ పత్రం రాసింది. పోటీకైనా మామూలు సంచికకైనా అది జతచెయ్యాల్సిందే, ఏం రాయాలో పంపే ప్రతివాళ్ళకీ నోటికొచ్చు. 'ఈ కవిత నా సొంతమనీ, దేనికీ అనుకరణ కాదనీ హామీ ఇస్తున్నాను' అని రాసి సంతకం పెట్టి, దానివైపే చూస్తూ ఉంది.

"ఈ ముక్క ముప్పై ఒక్కసార్లూ రాశాను సార్. అబద్ధం రాశానని ఇవాళ తెలిసింది."

"మీదేం అబద్ధం కాదమ్మా" అన్నాను.

ఐదుకు ఆరు నిమిషాలుండగా కాగితాలు తెచ్చి ఇచ్చింది. వెనక ముద్ర కొట్టాను. పెట్టెలో వెయ్యలేదు. నీలం ఫైలు తెరిచి, అన్నిటికన్నా పైన పెట్టాను. ఆవిడ చూస్తుండగానే పెట్టాను. గెలుస్తుందో లేదో నేను చెప్పలేను. పెద్దాయనకి సముద్రమంటే ఇష్టం.

ఆవిడ మెట్లదాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. సంచిలోంచి కొత్త కవరొకటి తీసింది. అదే గోధుమరంగు కాగితం, అదే మడత. మూల మీద స్టాంపులు, మధ్యలో తన చిరునామా.

"తిరుగు కవరు అక్కర్లేదమ్మా. ఇది లోపలికి వెళ్తుంది. నేనే చదివి వినిపిస్తాను" అన్నాను.

ఆవిడ కవరును నా బల్ల మీద, ఎర్ర కలం పక్కన పెట్టింది.

"ఉంచండి సార్" అంది. "చదవబుద్ధి కాకపోతే ఇదైనా చూస్తారు."