నడుములో కాపురమున్నవాడు

మునిలక్ష్మి పొద్దున్నే రోలు ముందు కూర్చుందంటే చాలు, చెంగయ్య ఇంట్లోంచి వెళ్ళిపోతాడు. ఒకరోజు కాదు, ఒక నెల కాదు, ఏడేళ్ళు. సంగటిలోకి ఊరిమిండి పచ్చడి నూరుదామని ఆమె మిరపకాయలు రోట్లో వేసేసరికి, ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, గోడ పట్టుకుంటూ వీధిలోకి దిగేవాడు. ఎక్కడికని అడిగితే పలికేవాడు కాదు. ఏ మొగుడైనా పెళ్ళాన్ని ఇంతకన్నా గట్టిగా ఏం తిడతాడు, మీరే చెప్పండి.

ఆ రోలు ఆమె కోరి తెప్పించుకున్నది. తిరుచానూరు దారిలో రాళ్ళు కొట్టేవాళ్ళ దగ్గర చూసి, అదే కావాలని నెల్లాళ్ళు పోరింది. బండి మీద తెచ్చి వాకిట్లో దించుతుంటే చెంగయ్య నడుము కలుక్కుమంది. ఆ పట్టు మళ్ళీ వదల్లేదు. తిరుపతిలో వాళ్ళ వీధికంతా ఆయనే దర్జీ. యుద్ధం వచ్చింది, గుడ్డకు కంట్రోలు వచ్చింది. యుద్ధం పోయింది గానీ కంట్రోలు పోలేదు. నడుంనొప్పీ పోలేదు.

చేయని వైద్యం లేదు. వావిలాకు నీళ్ళు పోసింది, ఆముదం మర్దించింది, శ్రీకాళహస్తి నుంచి ఎవరో చెప్పిన పసరు తెప్పించింది. ఉప్పు కాపడం పెడితే ఆ రాత్రి కాస్త ఒత్తిగిలి పడుకోగలడు, అంతే. మిగతాదంతా ఆయన సొంతంగా నేర్చుకున్నాడు. కాసేపు మిషను తొక్కితే కాసేపు నిలబడి గుడ్డ కత్తిరించేవాడు. కత్తెర కిందపడితే వంగకుండా కాలివేళ్ళతో అందుకునేవాడు. ఇన్ని చేసినా నోట్లోంచి ఒక్క "అమ్మా" అన్న మాట రాలేదు. ఎట్లుందని అడిగితే "బాగుండాది" అనేవాడు. నొప్పిని ఓర్చుకున్నాడు, సంతోషం. మాటను కూడా మింగేస్తే ఇంట్లో ఉన్న మనిషి ఎవరితో మాట్లాడాలి?

మునిలక్ష్మి తనకు తోచిన అర్థం తాను చేసుకుంది. రోలును చూసినప్పుడల్లా ఆయనకు తన మీద కడుపు మండుతోంది, అందుకే ఆ చప్పుడు వినలేక వెళ్ళిపోతున్నాడు. కొన్నాళ్ళు మిరపకాయలు కొంగులో వేసుకుపోయి పక్కింటి నాగులమ్మ రోట్లో నూరుకొచ్చింది. అయినా ఆయన పోవడం మానలేదు. నీ రోలుకేమొచ్చిందే అని నాగులమ్మ నిలదీస్తే మనసులోది చెప్పేసింది. ఆయన్నే అడగరాదా అంది నాగులమ్మ. అడిగితే అవునంటాడేమోనని మునిలక్ష్మికి భయం.

ఏడో ఏడు వేసవిలో సత్యవేడు నుంచి ఆమె తమ్ముడు వచ్చాడు. ఇంట్లో ఇద్దరి మధ్యా మాటల్లేకపోవడం చూసి, కొన్నాళ్ళు మాతో ఉందువు రా అక్కా, గంగమ్మ జాతర అయిన మరునాడు బండి తెస్తానన్నాడు. ఆమె సరేనంది. చెంగయ్య కుడుతున్న గుడ్డ మీంచి తల ఎత్తకుండానే "పోయిరా" అన్నాడు. ఈ అనుమానం తేల్చుకోకుండా బండెక్కితే మళ్ళీ ఈ గడప తొక్కబోనని ఆమెకు తెలుసు. ఉండమని ఒక్క మాట అంటాడేమోనని ఆ సాయంత్రమంతా మిషను పక్కనే తచ్చాడింది. ఆయన అనలేదు.

జాతర రానే వచ్చింది. జాతర రోజుల్లో మొక్కుకున్న మగవాళ్ళు రోజుకో వేషం కడతారు. బండ వేషం నాడు ఒళ్ళంతా కుంకుమ పూసుకుని, వేపమండలు పట్టుకుని, ఇంటింటి ముందూ నిలబడి నోటికొచ్చినట్టు తిడతారు. ఎంతటి పెద్దమనిషయినా పడాల్సిందే, కోపం తెచ్చుకోకూడదు. గంగమ్మకు ఆ తిట్లే పూజ. మునిలక్ష్మి వాళ్ళ వీధిలో ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. తిట్లన్నీ అయ్యాక ఆ ఇంటి ఇల్లాలు చెంబెడు పసుపునీళ్ళు వేషగాడి కాళ్ళ మీద పోసి దండం పెట్టాలి.

పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ వేషం కట్టని చెంగయ్య ఆ ఏడు కట్టాడు. ఎందుకని అడగబోయి మునిలక్ష్మి ఆగిపోయింది. ఎందుకో తెలియకపోవడానికేముంది? ఏడేళ్ళు కడుపులో దాచుకున్నదంతా ఇవాళ వాకిట్లో కక్కుతాడు. వీధివీధంతా వింటుంది. తిరిగి ఒక్క మాట అనడానికి తనకు హక్కు లేదు, పైగా దండం పెట్టాలి. పోనీ, అదీ మంచిదే, కనీసం తెలుస్తుంది అనుకుంది. అనుకుందే గానీ పసుపు కలుపుతూ కలుపుతూ సగం నీళ్ళు చీర మీదే ఒలకబోసుకుని, మళ్ళీ చెంబు నింపుకొచ్చింది.

వేషగాళ్ళ గుంపు ముందుగా నాగులమ్మ ఇంటి మీద పడింది. ఆమె పిసినారితనాన్నీ, వాళ్ళాయన గురకనూ ఏకి పెడుతుంటే జనం పగలబడి నవ్వారు, నాగులమ్మ అందరికన్నా ఎక్కువ నవ్వింది. తరువాత చెంగయ్య తన వాకిట్లో తానే వచ్చి నిలబడ్డాడు. చేయి అందక కాబోలు, నడుం దగ్గర కుంకుమ అంటలేదు. ఒకసారి రోలు వైపు చూశాడు, ఒకసారి ఆమె వైపు చూశాడు. మునిలక్ష్మి కళ్ళు మూసుకుంది.

"ఒరే, నా నడుములో కాపురం పెట్టినోడా," అన్నాడు చెంగయ్య.

మునిలక్ష్మి కళ్ళు తెరిచింది.

ఆ తరువాత ఆయన నోట్లోంచి వచ్చిన మాటలు అచ్చులో పెట్టేవి కావు. ఆ నొప్పి అమ్మనూ, అబ్బనూ, అది పుట్టిన వేళనూ కలిపి దులిపేశాడు. దర్జీ చెంగయ్యకు ఇంత నోరుందా అని వీధి ముక్కున వేలేసుకుంది. తిట్టి తిట్టి ఆయాసపడి, చివరకు గొంతు తగ్గించాడు.

"ఏడేండ్లాయ గదరా నువ్వొచ్చి. నాకంటే ముందే లేస్తావు, నేను పండుకున్నా నువ్వు పండుకోవు. నా పెండ్లాంతో నాలుగు మాటలు మాట్లాడదామంటే, నోరు తెరిస్తే యాడ నువ్వే బయటికొస్తావో అని మూసుకోనుండాను. ఇప్పుడది నన్నిడిసి పోతా ఉండాది. ఇంక నువ్వూ నేనే గదరా ఈ ఇంట్లో."

ఇక ఎవరూ నవ్వలేదు. మునిలక్ష్మి చెంబు పట్టుకునే ఆయన ముందుకు వచ్చింది.

"మరి రోలు మీద కోపం లేదా?" అంది.

"రోలేం జేసింది? బండోడు చెయ్యేస్తానని వస్తే, వద్దు పోరా అనింది నా పొగురు. పొద్దన్నే మూలుగొస్తాది. అది నీ చెవిన పడకూడదని చింతతోపు కాడికి పోతా ఉన్నా."

"ఏడేండ్లు ఆ చింతమానులకు చెప్పుకున్నావా, నాకు చెప్పకుండా?"

పసుపునీళ్ళు కాళ్ళ మీద పోయాలి. ఆమె ఆయన వెనక్కు వెళ్ళి, కుంకుమ అంటని నడుం మీద చెంబెడు నీళ్ళూ గుమ్మరించింది. ఎన్నడూ చెడ్డమాట ఎరగని మనిషి, ఆ నడుములో ఉన్నవాణ్ణి ఉద్దేశించి ఒకే ఒక్క తిట్టు తిట్టింది. అదీ అచ్చులో పెట్టేది కాదు. ఏడుస్తూనే తిట్టింది.

గంగమ్మ కరుణించిందా అని వేషం కట్టిన మరునాడు నాగులమ్మ అడిగింది. లేదన్నాడు చెంగయ్య. తిట్లన్నీ తిన్నవాడు ఇల్లు ఖాళీ చేయలేదు. నడుము పట్టేయడం మానలేదు, రాత్రులు ఉప్పు కాపడమూ తప్పలేదు. పొద్దున ఎట్లుందని అడగడం మాత్రం మునిలక్ష్మి మానేసింది. "వాడు లేసినాడా?" అని అడిగేది. "నాకంటే ముందే," అని ఆయన చెప్పేవాడు.

జాతర అంతా ముగిసిన మరునాడు, అన్న మాట ప్రకారం తమ్ముడు బండి తెచ్చాడు. మునిలక్ష్మి వాకిట్లో రోలు ముందు కూర్చుని నింపాదిగా ఊరిమిండి నూరుతోంది. గోడకు చేరగిలబడి చెంగయ్య అక్కడే నిలబడి ఉన్నాడు. మూట ఏదక్కా, ఎండెక్కుతోంది అన్నాడు తమ్ముడు.

"నేను రాను గానీ, ఆయన నడుములో ఒకడుండాడు. తీసకపొయ్యేటట్లయితే వాన్ని తీసకపో సత్యవేడుకి," అంది.

తమ్ముడు తెల్లమొహం వేశాడు. చెంగయ్యకు నవ్వు ఆగలేదు. నవ్వేసరికి నడుము గట్టిగా పట్టేసింది. గోడ పట్టుకుని, పక్కన మనుషులున్నారని కూడా చూడకుండా, "అమ్మా" అని పైకే మూలిగాడు.

మునిలక్ష్మి పొత్రం వదిలి లేచింది. ఏడేళ్ళలో ఆ మూలుగు ఆమె వినడం అదే మొదటిసారి.