పైట మారిన బొమ్మ

మా చర్చి హాల్లో ఒక పాత బొమ్మ ఉంది. మా అవ్వ, అంటే నాయనమ్మ, పెళ్లయి షామీర్‌పేటకు వచ్చిన కొత్తలో, మా వాడకు బోరింగు కావాలని పెట్టిన మీటింగు అది. పట్నం నుంచి వచ్చిన ఒకాయన ఆ మీటింగును చూసి, చెక్క మీద చెక్కి, సిరా పూసి కాగితం మీద ఒత్తాడట. ముందు వరుసలో ఒక ఆడమనిషి చెయ్యెత్తి నిలబడి ఉంటుంది. ముఖం సరిగా తెలియదు, చెయ్యి మాత్రం మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

ఆమె తానేనని మా అవ్వ పెంటమ్మ అంటుంది. సంఘపెద్ద ఇస్సాకు తాత ఒప్పుకోడు. బొమ్మలో ఎత్తింది ఎడమ చెయ్యి, అవ్వది కుడిచేతి వాటం. ఎడమచేతి వాటం, ఆ మీటింగుకు వచ్చి తర్వాత చనిపోయిన రూతమ్మది. చర్చి పండుగకు బొమ్మ కింద పేరు రాయించాలని, రూతమ్మ పేరే రాయిద్దామని ఆయన అన్నాడు. అవ్వ వాదించడం మానేసింది. ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు.

బడిలో మనోరమ టీచర్ మాతో రబ్బరు పలక మీద బొమ్మలు చెక్కించింది. నేను అవ్వను చెక్కాను. ఒత్తి చూస్తే పైట మార్వాడీ ఆడవాళ్లకు లాగా కుడి భుజం మీదికి పోయింది. "మీ నాయనమ్మ సేటమ్మ ఎప్పుడయ్యిందే?" అని నవ్యశ్రీ అంటే క్లాసంతా నవ్వారు. ఒత్తితే కుడి ఎడమవుతుందని టీచర్ ముందే చెప్పింది. నేనే మరిచిపోయాను.

బడి అయ్యాక సైకిలు చర్చి వైపు తిప్పాను. పాత బొమ్మలో ఆడవాళ్లందరి పైటలూ కుడి భుజం మీదే ఉన్నాయి. ఇన్నేళ్లూ అందరం ఆ చెయ్యినే చూశాం.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇస్సాకు తాత పేరు సంగతి తీశాడు. ఎవరైనా ఏమన్నా చెప్పేది ఉందా అని అడిగాడు. నేను చెయ్యెత్తాను. మాట రాకపోతే లేచి వెళ్లి బొమ్మలోని పైట మీద వేలు పెట్టి, నేను చెక్కిన పలకనూ దాని అచ్చునూ ఆయన చేతికిచ్చాను.

"పైటలు సూడు తాతా."

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని మూడింటినీ మార్చి మార్చి చూశాడు.

"గీ కట్టు మనది గాదు. బొమ్మనే తిరగబడ్డది, గది కుడి చెయ్యే," అని అవ్వ వైపు తిరిగాడు. "వదినె, గది నువ్వే."

అవ్వ మెల్లగా వచ్చి, ఆ ఆడమనిషి వెనక సగమే కనబడే తలను తాకింది. "గీమె రూతమ్మ. నేను బుగులుపడి లేవకుంటే ఎనుకనుంచి ముందటికి నూకింది. ఇద్దరి పేర్లు రాయుర్రి."

ఇంటికి నడుస్తుంటే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"మరి నిన్నెవరు నూకిండ్రే?" అని అడిగింది.