సాక్ష్యంలో చెప్పని మాత్ర

మెట్టుగూడ రైలు పట్టాల పక్క వీధిలో దేవసహాయం గారంటే తెలియనివారు లేరు. రైల్వే రికార్డు ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసి విరమించిన మనిషి. సీసపద్యం కట్టగలడు, లేఖనం వల్లించగలడు, పాస్టరు అయ్యగారు ఊళ్లో లేని ఆదివారం గుడిలో ప్రసంగమూ చేయగలడు. ఆయన నోట ఒక మాట వెలువడిందంటే సంఘంలో దానికి తిరుగులేదు. ఆ గౌరవమే పోలీసు చర్య జరిగిన సెప్టెంబరులో ఆయన కొంప మీదికి వచ్చింది.

సోమవారం మొదలైన పోలీసు చర్య శుక్రవారానికి ముగిసింది. శనివారం సైన్యం సికింద్రాబాదులో ప్రవేశించింది. మరునాడు ఆదివారం గుడి కిటకిటలాడింది. విమానాల భయానికి కిటికీ అద్దాలకు అంటించిన నల్లకాగితాలు ఇంకా ఊడదీయలేదు. ఆరాధన ముగియగానే, దేవుడు చేసిన మేలును పదిమందిలో చెప్పుకునే సాక్ష్యాలు మొదలయ్యాయి. జాడ తెలియని తమ్ముడు ఇల్లు చేరాడని ఒకరు, దోపిడీ గుంపు తమ వాకిలి దాటి వెళ్లిపోయిందని ఇంకొకరు లేచి చెబుతున్నారు. అందరూ చెబుతుండగా దేవసహాయం గారు ఊరకుండలేకపోయారు.

"నా కుమార్తె ఆలిస్‌కు పన్నెండో ఏట మూర్ఛరోగం పట్టింది. మీరందరూ ఎరుగుదురు. నేటికి మూడు సంవత్సరాలుగా ఒక్కసారైనా రాలేదు. ఇంతటి కల్లోలంలోనూ రాలేదు. ప్రభువు దానిని స్వస్థపరిచాడు. నేను సాక్షిని."

గుడి అంతా స్తోత్రం పలికింది. ప్రతిరాత్రీ భోజనం కాగానే ఆ పిల్ల డాక్టర్ మేబెల్ ఇచ్చిన ఫినోబార్బిటోన్ మాత్ర ఒకటి మింగుతుందన్న సంగతి ఆయన చెప్పలేదు. దాచాలన్న తలంపేమీ లేదు. మాటల ధారలో ఆ మాత్రకు చోటు దొరకలేదు, అంతే.

ఆ రాత్రి ఆలిస్ అలవాటుగా సీసా అందుకోబోయింది. దేవసహాయం గారి చేయి దానిపై పడింది.

"ఉదయం సంఘం ముందు స్వస్థత అని సాక్ష్యం చెప్పి, రాత్రి మందు మింగితే దాన్నేమంటారమ్మా? అబద్ధసాక్ష్యం అనరూ?"

"డాక్టరమ్మను ఒక్కమాట అడిగి మానేస్తాను నాన్నగారూ. ఈ మాత్ర నా అంతట నేను ఆపకూడదని ఆవిడ మరీ మరీ చెప్పారు."

"సభలో లేచేముందు ఇంట్లో ఒక్కమాట అడగరూ?" అన్నది భార్య కాంతమణమ్మ, విస్తరి ఎత్తుతూ. "సాక్ష్యం మీది. మూర్ఛ దానిది."

"విశ్వాసం ఇద్దరిదీ," అని ఆయన సీసాను బీరువాలో పెట్టి తాళం వేశారు.

సోమవారం ఏమీ కాలేదు. మంగళవారం, బుధవారం కూడా ఏమీ కాలేదు. ఆలిస్ ఎప్పటికంటె చురుకుగా తిరిగింది, కాని నిద్ర సరిగా పట్టడం లేదన్నది. గురువారం చేతిలోని గ్లాసు జారవిడిచింది. శుక్రవారం వేళ్లు వణుకుతున్నాయంటే, పోయినవారమంతా పడిన భయం ఇప్పుడు దిగుతున్నదని దేవసహాయం గారు సమాధానపడ్డారు. ఆరు రోజులు నిలిచిన నమ్మకం ఆయనకు మరింత బలాన్నిచ్చింది.

శనివారం తెల్లవారి పళ్లు తోముకుంటూ ఆలిస్ మూర్ఛ వచ్చి పెరట్లో విరుచుకుపడింది.

కాంతమణమ్మ పరుగున వెళ్లి, డాక్టరమ్మ నేర్పినట్టే, పిల్లను పక్కకు ఒత్తిగిల్లజేసి తలకింద మడిచిన చీర పెట్టింది. పక్కింటి జట్కాబండి పర్వతాలు గోడ దూకి వచ్చాడు.

"ఇనుప తాళంచెవి చేతుల పెట్టుండ్రమ్మా! పండ్ల నడుమ చెంచా పెట్టుండ్రి!"

"నోట్లో ఏదీ పెట్టకూడదు నాయనా. తాళంచెవి కాదు, నువ్వు బండి కట్టు," అన్నది కాంతమణమ్మ.

మూర్ఛ ఆగింది. ఆగి, పిల్లకు తెలివి రాకముందే మళ్లీ మొదలైంది. మూడేళ్ల కిందట వచ్చినప్పుడు ఇలా ఒకదాని వెంట ఒకటి రాలేదు. దేవసహాయం గారు బీరువా తాళం తీసి సీసా పట్టుకుని బండెక్కారు. పెరేడు మైదానం దగ్గర సిపాయిలు ఆపారు. లోపల పిల్లను చూసి దారి ఇచ్చారు. బోయిన్‌పల్లిలో డాక్టర్ మేబెల్ వైద్యశాల చేరేసరికి మూడోసారి వచ్చింది.

ఆవిడ వెంటనే సూదిమందు వేసింది. దాని ఘాటు వాసన గది అంతా పట్టింది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి ఊపిరి లెక్కబెడుతూ చాలాసేపు మంచం పక్కనే నిలబడింది. ఆలిస్ ఒళ్లు సడలి, శ్వాస కుదురుకున్నాక అప్పుడు ఈయన వైపు తిరిగింది.

"మాత్ర ఎప్పటినుంచి లేదు?"

దేవసహాయం గారు సాక్ష్యం సంగతి సహా అంతా చెప్పారు. చెప్పి, సీసా ముందుకు చాపారు. "తప్పిపోయినవి ఆరు. తెలివి రాగానే ఆరూ ఒక్కసారి వేసేస్తే సరిపోతుందా అమ్మా?"

"వేస్తే పిల్ల ఊపిరి ఆగుతుంది," అన్నది మేబెల్, గొంతు పెంచకుండానే. "ఇది తప్పినవన్నీ కలిపి మింగే మందు కాదు దేవసహాయం గారూ. ఈ మాత్ర ఒంట్లోంచి నెమ్మదిగా దిగుతుంది. అందుకే మొదటి మూడు రోజులూ మీకేమీ కనబడలేదు. అది మీ పిల్ల స్వస్థత కాదు, మిగిలిన మందు. మానవలసివస్తే నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తూ నేనే మానిపిస్తాను. మీరు మాన్పించకూడదు, అయ్యగారు మాన్పించకూడదు, ఆరోగ్యంగా ఉన్నానని ఆలిస్ కూడా మానకూడదు."

"దేవునిమీద నమ్మకంతో..."

"ప్రార్థనలో అనుదినాహారం ప్రతిదినం అడుగుతారు కదండీ. నిన్న తిన్నాం కదా అని ఇవాళ పొయ్యి ఆర్పరే!"

కాంతమణమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకున్నది. ఏడుపో, ఇన్నాళ్లకు భర్త నోరు మూయించిన మనిషి దొరికిందన్న తృప్తో తెలియలేదు.

మేబెల్ రోగుల పేర్ల పుస్తకం తిప్పుతూ ఒకచోట ఆగింది. "అల్వాల్ సలోమిదీ ఇదే జబ్బు, బుధవారం మాత్రలకు రావాలి. రాలేదు. మీ సంఘమే కదా?"

దేవసహాయం గారికి తాను సాక్ష్యం చెప్పిన రోజు గుర్తుకొచ్చింది. ఆ ఆదివారం గుడి మెట్ల దగ్గర సలోమి భర్త పేతురు తన రెండు చేతులూ పట్టుకుని, 'పెద్దయ్యా, గా సాక్ష్యం మా కోసమే చెప్పిండ్రు' అన్నాడు. తాను ఆశీర్వదించి పంపారు. తన బిడ్డను చూసుకోవడానికి తల్లి ఉన్నది, డాక్టరు ఉన్నది. సలోమి దగ్గర ఉన్నది తన మాట ఒక్కటే.

"ఈ సీసాలోవి కొన్ని పట్టుకెళ్లి ఆమెకిస్తాను," అన్నారు లేస్తూ.

"వద్దు. ఆలిస్ కొలత వేరు, ఆమె కొలత వేరు. ఎన్నాళ్లు మానిందో నాకు తెలియాలి. మనిషినే తీసుకురండి. ఇవాళే."

అల్వాల్ దారి పొడవునా మిలిటరీ లారీలు ఎదురవుతూనే ఉన్నాయి. ప్రతి లారీకీ బండి అంచుకు తప్పుకోవలసి వచ్చింది. "ఫికర్ జేయకుండ్రి అయ్యగారు, గుర్రం ఉరుకుతనే ఉంది," అని పర్వతాలు ధైర్యం చెప్పాడు. పేతురు ఇంటి ముందు దిగేసరికి సలోమి బావి గట్టున నిలబడి, వంగి చేదతో నీళ్లు తోడుతున్నది.

"అమ్మా, తాడు వదిలెయ్! ఇటు రా!"

ఆయన కేకకు ఆమె బిత్తరపోయి వెనక్కి వచ్చింది. పేతురు లోపలినుంచి పైచొక్కా తొడుక్కుంటూ బయటికి వచ్చాడు. "ఏందీ పెద్దయ్యా, గింత పరేషాన్ మీద ఉన్నరు? రేపు మేము సుత సాక్ష్యం చెప్తున్నం. సలోమి మాత్రలు ఆపి ఆరు రోజులాయె."

"చెప్పవద్దు నాయనా. ఆలిస్‌కు ఇవాళ మూడుసార్లు మూర్ఛ వచ్చింది. సూదిమందుతో పడుకుని ఉన్నది. సలోమిని వెంటనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోవాలి."

పేతురు ముఖం గట్టిపడింది. "గిట్లంటరేంది? గుడి నిండ జనం ముంగట చెప్పింది మీరే గద. ఇప్పుడు దేవుడు బాగ జేయలేదంటరా? మీ బిడ్డకు విశ్వాసం తక్కువైతే మా ఇంటిదానికేంది?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. పద్యమో వాక్యమో పలికి అతనిని ఒప్పించగల నేర్పు దేవసహాయం గారికి ఉన్నది. ఆ క్షణాన దానిని వాడుకోవడానికి ఆయనకు మనసు రాలేదు.

"మూడేళ్లు మూర్ఛ రాలేదన్నది నిజం. రోజూ మాత్ర వేసుకుంటుండగా రాలేదు. ఆ సంగతి నేను చెప్పలేదు పేతురూ. సగం చెప్పాను. మిగతా సగం తెలియక నువ్వు నమ్మావు. తప్పు ఆలిస్‌ది కాదు, నాది."

పేతురు ఏదో అనబోయాడు. అంతలో సలోమి గడప దగ్గర కూలబడి వెక్కి వెక్కి ఏడ్వసాగింది.

"నేను ఆపలేదు," అన్నది. "బియ్యం కుండల దాచుకొని రోజూ మింగిన. ఆఖరిది రాత్రి అయిపోయింది. డాక్టరమ్మ దగ్గరికి పోదమంటే ఈయన నన్ను అవిశ్వాసి అంటడని భయం. రేపు గుడిల నిలబడి అబద్ధం చెప్పాలె గదా అని రాత్రంతా కన్ను మూయలేదు. పెద్దయ్యా, నాది పాపమా?"

"కాదమ్మా," అన్నారు దేవసహాయం గారు. "ఈ వారం మా ఇద్దరికంటె నీవే బుద్ధిగా నడుచుకున్నావు."

పేతురు భార్య పక్కన చతికిలబడ్డాడు. "నాకు చెప్తే తిడ్తనా?" అన్నాడు.

"తిట్టవు. ప్రార్థన చేస్తవు. గదే భయం."

బండి మీద నవ్వు ఆపుకోలేక పర్వతాలు గుర్రం జూలు సవరించసాగాడు. పేతురు లోపలికి వెళ్లి, ఖాళీ సీసా తెచ్చి జేబులో వేసుకుని, భార్య చెయ్యి పట్టుకుని బండి ఎక్కించాడు.

"గుర్రం పొద్దటిసంది ఉరుకుతనే ఉంది, ఇగ ముగ్గుర్ని గుంజది," అన్నాడు పర్వతాలు. "అయ్యగారు జెర ఆగుండ్రి, మళ్ల వచ్చి తీస్కపోత."

"నేనుంటాను. ఆలిస్‌కు తెలివి వచ్చిందేమో కనుక్కునిరా."

బండి కదులుతుంటే సలోమి తల బయటికి పెట్టింది. "పెద్దయ్యా, అన్నం పొయ్యి మీదున్నది. మాడకుంట సూడుండ్రి!"

దేవసహాయం గారు చెప్పులు విడిచి లోపలికి వెళ్లారు. పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుని, కట్టె ఒకటి వెనక్కి లాగి మంట తగ్గించారు. రేపు సంఘం ముందు నిలబడి చెప్పవలసిన మాటలు మనసులో కూర్చుకోబోతే మొదట ఒక చక్కని సమాసం తోచింది. దానిని పక్కన పెట్టారు. 'నా కుమార్తె మాత్ర వేసుకుంటున్నది, ఇకముందూ వేసుకుంటుంది, మీలో ఎవరైనా నా మాట విని మందు మానితే ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్లండి' అన్న మాటలనే రెండుసార్లు పైకి అనుకున్నారు. కుండ మీద మూత తీసి చూశారు. మెతుకు పట్టి చూడాలని తెలుసు గాని, ఎంత మెత్తబడితే ఉడికినట్టో ఆయనకు తెలియదు.