నూకరాజు అంకుల్ తమలపాకు తీగ

బుధవారం పొద్దున కుండీలో వేలు పెట్టి చూస్తే మట్టి పులిసిన దోసెల పిండిలా వాసన కొట్టింది. నాలుగు ఆకులు పసుపుపచ్చగా వేలాడుతున్నాయి. ఐదోది ముట్టుకోగానే ఊడి చేతిలోకి వచ్చింది.

ఈ తమలపాకు తీగ మామూలుది కాదు. సింగపూర్ బుకిట్ బటోక్‌లో ఉండే నూకరాజు అంకుల్ ముత్తాత విశాఖలో ఓడెక్కినప్పుడు వెంట తెచ్చుకున్న కొమ్మ. కణుపు కణుపుగా నాలుగు తరాలు ఇక్కడే బతికింది. ఇక్కడి మలేవాళ్ళలాగా అంకుల్ దాన్ని 'సిరే' అంటారు, మాట చివర 'లాహ్' తగిలిస్తారు. పోయినేడు ఆయన ఇంట్లోది చచ్చిపోయింది. అంతకుముందు నాకిచ్చిన ముక్క ఒక్కటే మిగిలింది. అది మా టాంపినీస్ ఫ్లాట్‌లో, హాల్ కిటికీ పక్కన, కొబ్బరిపీచు చుట్టిన కర్రని పట్టుకుని ఆరడుగులు పాకింది. ఆదివారం వచ్చి ఒక కొమ్మ తీసుకెళ్తానని ఆయన ఫోన్ చేశారు కూడా. ఇదీ పోతే ఆ తీగ ఇక లేనట్టే. నా చేతిలో పోనిస్తానా? చచ్చినా పోనివ్వను.

కుండీ బోర్లించాను. వేళ్ళు నల్లగా, మెత్తగా జారిపోతున్నాయి. నేను నీళ్ళు పోసేది వారానికి రెండుసార్లే, అదీ గ్లాసుడే. మరి ఈ తడి ఎక్కడిది? అంతలో మా ఆయన శశికాంత్ దేవుడి అలమర దగ్గర్నుంచి రాగి చెంబుతో వచ్చారు.

"పక్కకి జరుగు సూర్యా, అభిషేకం నీళ్ళు పొయ్యాలి."

"దీంట్లోనా?"

"శివరాత్రి నుంచి డైలీ ఇందులోనే పోస్తున్నా కదా. నీళ్ళు, పాలు, కొంచెం తేనె."

"రోజూ పాలా! మొక్కకి పాలేమిటండీ, బుద్ధుందా మీకు?"

"మరి సింక్‌లో పొయ్యమంటావా? పాపం కదా! ఇంట్లో ఉన్న మొక్క ఇదొక్కటే."

వన్-నార్త్ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కూర్చుని పదిమంది కోడ్‌లో తప్పులు పట్టే మనిషి! నాకు ఒళ్ళు మండిపోయింది. "లిఫ్ట్ దిగి బ్లాక్ కింద చెట్టు మొదట్లో పోసి రండి. మళ్ళీ ఈ కుండీ జోలికొస్తే ఊరుకోను," అన్నాను. ఆయన గొణుక్కుంటూ చెంబు పట్టుకుని కిందకి వెళ్ళారు.

ఆఫీసుకి లీవు పెట్టాను. కత్తెర స్పిరిట్‌తో తుడిచి కుళ్ళిన వేళ్ళన్నీ కోశాను. కుళ్ళు కాడలోకి ఎక్కేసింది. ఎంత పైకి కోసినా లోపల గోధుమరంగు చార. ఏడుపొచ్చింది గానీ చెయ్యి ఆపలేదు. ఆరడుగుల తీగలో చివరికి పచ్చగా మిగిలింది జానెడు. దానికి రెండు కణుపులు, ఒక కణుపు దగ్గర బియ్యపుగింజంత తెల్లటి వేరు. తడిపి పిండిన కొబ్బరిపీచులో దాన్ని పెట్టి, చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ కవర్ కప్పి, ఎండ నేరుగా తగలని చోట ఉంచాను. హాల్లో ఏసీ వెయ్యనివ్వలేదు. నాలుగు రోజుల ఉక్కపోతలో శశికాంత్ విసనకర్రతో సరిపెట్టుకున్నారు.

ఆదివారం అంకుల్ వచ్చారు. ఖాళీ కర్ర చూసి సోఫాలో కూలబడ్డారు. మా ఆయన పేరెత్తకుండా, వేళ్ళు కుళ్ళిపోయాయని చెప్పి, కొత్త మట్టి కుండీ, ఆ జానెడు ముక్క ఆయన ముందు పెట్టాను. వేరు గోరంత పొడుగైంది.

"మీదే అంకుల్. మీ చేత్తో నాటండి."

ఆయన చేతులు వెనక్కి లాక్కున్నారు. "వద్దమ్మా. నా చెయ్యి మంచిది కాదు లాహ్. మా కోడలి చేత నాటిద్దామని వచ్చా. మీ ఆంటీ ఉన్నప్పుడు సిరే ఎంత బాగా పాకేది! ఆవిడ పోయాక ఆరు నెలల్లో నా చేతిలో చచ్చిపోయింది."

నాకు అనుమానం వచ్చింది. "ఆంటీ పోయాక పూజ ఎవరు చేస్తున్నారు?"

"నేనే. ఆవిడ చేసినట్టే పాలతో అభిషేకం. ఒక్కరోజు మానలేదు."

"ఆ నీళ్ళు ఎక్కడ పోసేవారు?"

"ఆవిడైతే కిందకి దిగి చెట్టుకి పోసేది. నాకు మోకాళ్ళ నొప్పి కదా, కుండీలోనే..." అంకుల్ మాట అక్కడే ఆగిపోయింది.

"మీ చేతి తప్పేం లేదంకుల్," అన్నాను. "పాలు చంపాయి దాన్ని. మా ఇంట్లోనూ అదే జరిగింది."

ఆయన చాలాసేపు అరచేతులు చూసుకున్నారు. తర్వాత ముక్కని తీసుకుని, మట్టిలో నిలబెట్టి, చుట్టూ వేళ్ళతో అదిమారు. లేచి సబ్బుతో చేతులు కడుక్కున్నారు.

"అంకుల్, భోజనం చేసి వెళ్ళండి."

"మకాన్ ఇంకోసారి లాహ్," అన్నారు కుండీ సంచిలో పెట్టుకుని చెప్పులేసుకుంటూ. "మనవరాలు పుట్టి మూడు నెలలమ్మా. ఈ చేతులకి భయపడి నేనింకా ఎత్తుకోలేదు."