బొరుగును ఎక్కించిందెవరు?

నీలావతి కుక్క పేరు బొరుగు. పెరగాల్సినంతా పెరిగాక కూడా అది రెండు అరచేతుల్లో ఇమిడిపోయేది. హిందూపురంలో వాళ్ల ఇంటి ముందు గదే భర్త భాస్కరయ్య కిరాణా కొట్టు. జనం వచ్చిపోయే ఇంట్లో అంత చిన్న ప్రాణాన్ని కాపాడుకోవడం మాటలా? నీలావతి మెట్లకు పలక అడ్డం పెట్టించింది, తూముకు జాలీ వేయించింది, కుర్చీలూ మంచాలూ తీసేసి నేలమీద పరుపులు పరిచింది. మనుషులు తట్టుకుని పడ్డా లెక్కచేయలేదు.

ఇంత చేసినా బొరుగు కుంటడం మొదలుపెట్టింది.

"ఇది యాడ్నుంచో దూకుతాండాదమ్మా," అన్నాడు పశువుల డాక్టరు. "దీని ఎముకలు పుల్లల మాదిరి ఉంటాయి. ఇంగోసారి దూకితే ఇరిగిపోతాది."

తనంతట తాను ఎక్కగలిగే ఎత్తు ఇంట్లో లేదు. అంటే ఎవరో ఎక్కిస్తున్నారు. ఇంకెవరు, ఇల్లు తుడిచే సిద్ధమ్మే! చీపురుకు అడ్డం వస్తోందని కిటికీ గట్టు మీద పెట్టేస్తోంది. అనుమానం పుట్టాక సిద్ధమ్మ నవ్వినా తప్పే, తలవంచుకున్నా తప్పే.

"దాన్ని ముట్టుకునేదానికే నాకు భయమమ్మా," అంది సిద్ధమ్మ. "నలిగిపోతాదేమోనని."

"అయితే అదే గాల్లో తేలి గట్టెక్కిందా? రేపట్నుంచి రావద్దులే."

కొట్టు తెరలోంచి చూస్తున్న భాస్కరయ్య తల లోపలికి లాక్కున్నాడు. సిద్ధమ్మ చీపురు మూలన పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున బొరుగు పక్కలో లేదు. నీలావతి ఇల్లంతా వెతికింది. కొట్టు తెర తొలగించి చూసింది. కుక్క వెంట్రుకలు పప్పులో పడతాయని ఊరంతా వినేలా అరిచే భాస్కరయ్య, గల్లాపెట్టె పక్కన గద్దె మీద బొరుగును కూర్చోబెట్టి కుంకుమ బొట్టు పెడుతున్నాడు!

"బోణీ అయ్యేదాకా కూచో తల్లీ. నువ్వు కూచున్న దినం బేరం బాగుంటాది."

బొరుగు కిందికి తొంగి చూసి వెనక్కి జరిగింది. దానికి ఎత్తంటే భయమే.

నీలావతి ఒళ్లు మండిపోయింది. దాన్ని తన దగ్గరికి లాక్కోవాలన్న ఆత్రంలో, రోజూ వంటింట్లోంచి పాలకు పిలిచినట్టే గట్టిగా పిలిచింది.

"బొరుగూ!"

అది భయమంతా మరిచి దూకేసింది. కుయ్‌మని అరిచింది. ముందుకాలు వేలాడింది.

"దినమూ బోణీ అయినాక నేనే దించుతా," అన్నాడు భాస్కరయ్య. "కానీ నువ్వు పిలిస్తే మాత్రం ఆగదు. నేను పట్టుకునేలోపలే దూకేస్తాది."

"సిద్ధమ్మను పొమ్మన్నప్పుడు నీ నోరు యాడికి పోయింది?"

"నీకు భయపడి..."

బొరుగు కాలికి కట్టు కట్టించుకుని వస్తుంటే సిద్ధమ్మ ఇల్లు కనిపించింది. భాస్కరయ్య ఆటో ఆపించాడు. సిద్ధమ్మ గుమ్మంలో బియ్యం చెరుగుతోంది.

"ఈడ్నుంచే పిలువు," అన్నాడు.

నీలావతి నోరు తెరిచింది. ఒళ్లో బొరుగు, అంత నొప్పిలోనూ, చెవులు నిక్కించి లేవబోయింది. ఆమె టక్కున నోరు మూసుకుంది. కుక్కను మొగుడి ఒళ్లో పెట్టి, ఆటో దిగి, తనే సిద్ధమ్మ గడప దాకా నడిచింది.