ఏడో నంబరు సీసా

ధార్వాడలో ఆ కాలేజీ రసాయనశాలలో గిరిజమ్మ పంతొమ్మిదేళ్లుగా సహాయకురాలు. ఎం.ఎస్సీ. ప్రాక్టికల్ పరీక్షనాడు పొద్దున్నే ఏడో నంబరు సీసా ఆమె చేతిలోంచి జారి భళ్లుమంది. అందులోది తగరం ద్రావణం. మళ్లీ కలుపుదామంటే తగరం లవణం చిటికెడు కూడా మిగల్లేదు. గత్యంతరం లేక మరో సీసాలో ఇనుము ద్రావణం పోసి, అదే నంబరు అంటించి, విభాగం పెద్ద కంబళిమఠ్ దగ్గరికి పరుగెత్తింది.

"ఏ సీసాలో ఏముందో రాసిన జాబితా కవర్లో పెట్టి సీలేశారు గిరిజా. ఎవరు పట్టుకుంటార్లే, ఊరుకో" అన్నాడాయన.

ఆ సీసా శివలీల అనే విద్యార్థినికి వచ్చింది. గదగ్ దగ్గర నేతపనివాళ్ల పిల్ల. సీసాలో ఏ లోహముందో కనిపెట్టాలి. బ్యూరెట్ అనే కొలత గాజుగొట్టంలోంచి సీరియం ద్రావణం చుక్కచుక్కగా వదులుతూ మీటరు చూపే వోల్టులు రాసుకుంది. మెల్లగా పాకిన ముల్లు ఒక్క చుక్కకు ఎగిరిపడింది. అందులో సగం చుక్కల దగ్గర మీటరు చూపే అంకె ఒక్కో లోహానికి ఒక్కోలా ఉంటుంది; అది ఎంతో చూసి, లెక్కకట్టి, "ఇనుము" అని రాసింది.

బయటినుంచి వచ్చిన పరీక్షకుడు జోగళేకర్ కవరు చింపి చూశాడు. "ఇది తగరం కదమ్మా. పక్కబల్ల అంకెలు ఎత్తేశావా?"

"లేదు సార్. మళ్లీ చేస్తా."

చేసింది. అదే అంకె. మూడోసారీ చేసింది. అదే అంకె.

గిరిజమ్మ ఉండబట్టలేకపోయింది. "సార్, దాంట్లో ఇనుమే పోశాను. తగరం సీసా నా చేతుల్లో పగిలింది. పెద్దసారుకి చెప్పాను కూడా."

"సీసా తెండి, ఇప్పుడే తేల్చేద్దాం" అన్నాడు జోగళేకర్.

మూడుసార్లకే సీసా ఖాళీ అయింది. శివలీల అప్పటికే గాజుసామానంతా కడిగి బోర్లించింది.

కంబళిమఠ్ కళ్లజోడు తుడుచుకున్నాడు. "నాకెవరూ ఏం చెప్పలేదే. పిల్లమీద జాలిపడి అంటోందిలెండి."

జోగళేకర్ శివలీల తన అంకెలతో గ్రాఫు కాగితంమీద గీసిన గీతను చాలాసేపు చూశాడు. "గీత శుభ్రంగానే వచ్చింది. కానీ సీలు కాగితంలో తగరమనుంటే నన్నేం చేయమంటారు?" అని గొణిగి, జవాబు పక్కన సున్నా వేశాడు.

శివలీల పరీక్ష నాలుగు మార్కుల్లో పోయింది. గిరిజమ్మ విశ్వవిద్యాలయానికి అర్జీ రాసింది. జవాబు రాలేదు గానీ, ఆమెను గోదాముకు మార్చారు.

మళ్లీ పరీక్షకు ఫారం తీసుకోవడానికి వచ్చిన శివలీల గోదాము గుమ్మంలో ఆగింది.

"అక్కా, నిజం చెప్పు. నేనెక్కడ తప్పు చేశాను?"

"ఎక్కడా చేయలేదు తల్లీ."

"చేశావని చెప్పినా బాగుండేది. దిద్దుకునేదాన్ని."

గిరిజమ్మ తన టిఫిన్ డబ్బాలోని జొన్నరొట్టె తుంచి ఆ పిల్ల చేతిలో పెట్టింది. శివలీల తిననూ లేదు, వద్దననూ లేదు. ఫారం నలిగిపోతున్నా చూసుకోకుండా అలాగే నిలబడింది.