మిరప నారుకి ఎక్కువైన ఎరువు

నర్సరీ ట్రేల్లో, తడి మట్టిలోనే ఉన్నా మిరప నారు తలలు వేలాడేసింది.

"ఎప్పుడు చూసినా పైపు పట్టుకునే ఉంటావు. వేళ్లు కుళ్లిపోయుంటాయి. నారు కోసం వచ్చే రైతుకి ఏం చెప్పను?" అని కొడుకు భార్యమీద ఎగిరిపడి, విసురుగా బయటికి వెళ్లిపోయాడు.

కోడలు మట్టిని వేళ్ల మధ్య నలిపి చూసింది. "నిజమే అనుకుంటా. రేపటిదాకా చుక్క నీళ్లు పోయొద్దు అత్తయ్యా, ఆరనిద్దాం," అంటూ పైపు చుట్టడం మొదలుపెట్టింది.

అత్తగారు గబుక్కున ఎరువు సంచీ వైపు చూసింది. కోడలు ఎరువుని చెంచాతో కొలిచి నీళ్లలో కలుపుతుంటే ఆవిడకి ఒళ్లు మంట. "తిండి పెడుతున్నావా, చంటిదానికి మందు పడుతున్నావా?" అని దెప్పేది. నిన్న సాయంత్రం కోడలు అటు వెళ్లగానే, బకెట్లో గుప్పెళ్లకొద్దీ ఎరువు కలిపి ట్రేలన్నిటికీ పోసింది. పిల్లలకి చాటుగా మరో ముద్ద పెట్టినంత తృప్తిగా పడుకుంది.

నోరు మూసుకుంటే నింద కోడలిమీదే ఉండిపోతుంది. కానీ రోగం ఒకటైతే మందు ఇంకొకటి పడుతోందే! నారు నిలువునా పోతుంది.

"ఆ పైపు చుట్టకే అమ్మాయ్. నిన్న నేను మళ్లీ ఎరువు పోశాను."

"ఎంత?"

"గుప్పెళ్లతో."

"అయ్యో! ఆరబెట్టి ఉంటే మొత్తం చచ్చేవి. ఎరువన్నా ఉప్పేగా. మట్టిలో ఉప్పెక్కువైతే వేళ్లు నీళ్లు తాగలేవు, లోపలున్న నీళ్లే బయటికి లాగేస్తుంది. ట్రేల అడుగునుంచి ధారగా కారేదాకా పోయాలి, పట్టండి."

"బతుకుతాయంటావా?"

"మొక్క కణానికి చుట్టూ గోడ ఉంటుంది. నీరు పోతే లోపలి సంచి ముడుచుకుంటుంది కానీ గోడ నిలబడుతుంది. ఆలస్యం కాకుండా ఉత్త నీళ్లు అందితే సంచి మళ్లీ నిండుతుంది. మన రక్తకణాలకి ఆ గోడ లేదు. ఉప్పు మరీ ఎక్కువైతే ముడుచుకుపోతాయి, ఉత్త నీళ్లలో వేస్తే ఉబ్బి పగిలిపోతాయి."

"నా పనీ అలాగే ఉందే. పగిలేట్టున్నాను."

"తర్వాత పగులుదురుగాని, ముందు ఆ చివరి ట్రేలు తడపండి."

మధ్యాహ్నం తిరిగేసరికి కాడలు ఒక్కొక్కటే నిక్కాయి. గోడవార ట్రేల్లోవి మాత్రం లేవలేదు.

కొడుకు వచ్చి చూసి, "చెప్పానా? నీళ్లు ఆపితే ఎలా లేచాయో!" అన్నాడు.

కోడలు చేతులు తుడుచుకుంటోంది తప్ప పెదవి విప్పలేదు. తనని కాపాడుతోందని అత్తగారికి అర్థమై ప్రాణం చివుక్కుమంది.

"ఆపలేదురా, ఇంకా పోశాం. ఎరువు గుమ్మరించింది నేను. పొద్దున దాన్ని అన్న మాటలన్నీ నన్ను అను."

కొడుకు తల్లి భుజం తట్టాడు. "పోనీలే అమ్మా, కావాలని చేశావా ఏంటి," అన్నాడు.

కోడలు తలెత్తకుండా చచ్చిన నారు పీకుతోంది. ఆ 'పోనీలే' పొద్దున ఆ పిల్లకి దక్కలేదు. అత్తగారు వెళ్లి పక్కన కూర్చుంది కానీ, ఆ పిల్ల ముఖంలోకి చూడలేకపోయింది.